వెనిగర్ సీసా, టమాటా గిన్నె

బార్బెక్యూ సాస్ ఇంట్లో ఎలా చేసుకోవాలని అమెరికాలో ఎవరినైనా అడిగి చూడండి. వచ్చే జవాబును బట్టి ఆ మనిషి ఏ ఊరివాడో చెప్పేయవచ్చు. ఉత్తర కరోలినా తూర్పు ప్రాంతం మనిషి అసలు స్టవ్ వెలిగించమనడు. సీసాలో వెనిగర్ పోసి, ఎండుమిర్చి పలుకులు, మిరియాల పొడి, ఉప్పు వేసి, మూత బిగించి, బాగా ఊపి పక్కన పెట్టమంటాడు. మిస్సోరి రాష్ట్రంలోని కాన్సస్ సిటీ మనిషైతే అడుగు మందంగా ఉన్న గిన్నె తీయమంటాడు. అందులోకి టమాటా, మొలాసిస్ (చక్కెర తీయగా మిగిలే నల్లటి మడ్డిపాకం), బ్రౌన్ షుగర్, వెనిగర్, ఉల్లి, వెల్లుల్లి, ఇంకో అరడజను పొడులు. ఆపైన అరగంటకు తగ్గని సన్నసెగ. మొదటిది నీళ్ళలా పారుతుంది, రెండోది గరిటెను వదలదు. పేరు మాత్రం రెండింటికీ ఒకటే.

వీటిని పోల్చేవాళ్ళు చాలామంది రుచి దగ్గర మొదలుపెట్టి రుచి దగ్గరే ఆగిపోతారు. ఇది పులుపు, అది తీపి, ఎవరి నోరు వాళ్ళది అంటారు. అంతటితో సరిపెట్టుకుంటే ఇక మాట్లాడడానికేమీ ఉండదు. నాకు పనికొచ్చే ప్రశ్నలు వేరు. ఏ సాస్‌కు ఏ పని అప్పజెప్పారు? ఆ పని అది చేస్తోందా? అసలు ఆ పని మన వంటింట్లో ఉందా?

తూర్పు కరోలినాలో బార్బెక్యూ అంటే పందిని ముక్కలు చేయకుండా, మొత్తంగా, కట్టె నిప్పుల మీద రాత్రంతా సన్నగా కాల్చడం. ఏడెన్ అనే చిన్న ఊళ్ళో పీట్ జోన్స్ 1947లో పెట్టిన స్కైలైట్ ఇన్ ఈ వంటకు పేరుమోసిన చోటు. దాని కప్పు మీద వాషింగ్టన్‌లోని కేపిటల్ భవనం గుమ్మటానికి నమూనా ఒకటి కట్టుకున్నారు, బార్బెక్యూకు రాజధాని తామేనని చెప్పుకోవడానికి. ఆ డాంబికాన్ని పక్కన పెట్టి చెక్క మొద్దు దగ్గర జరిగేది చూడాలి. కాలిన పందిని దాని మీద వేసి, రెండు చేతులా రెండు బరువైన కత్తులు పట్టుకుని కొడతారు. భుజం మాంసం, పొట్ట దగ్గరి కొవ్వు, తొడ దగ్గరి పొడి మాంసం, కరకరలాడే తోలు, అన్నీ కలిసి పొడి పొడిగా అవుతాయి. కొడుతూనే మధ్యమధ్యలో వెనిగర్, కారపు సాస్, ఉప్పు చల్లుతారు. చల్లడం, కొట్టడం, తిరగేయడం, మళ్ళీ చల్లడం. పళ్ళెంలోకి వచ్చేసరికి సాస్ కంటికి కనపడదు, అప్పటికే మాంసంలో ఇంకిపోయి ఉంటుంది.

ఆ సాస్ పలచగా ఉండడం పేదరికం వల్లో బద్ధకం వల్లో కాదని ఈ మొద్దు దగ్గరే తెలుస్తుంది. చిక్కటి సాస్ తరిగిన మాంసం మీద ముద్దలా కూర్చుంటుంది, లోపలికి దిగదు. వెనిగర్ ప్రతి పీచు సందులోకీ పారుతుంది. పంది కొవ్వు నాలుక మీద పొర కడుతుంది. నాలుగు ముద్దలు తినేసరికి మొహం మొత్తుతుంది. ఆ మొత్తుడును విరగ్గొట్టి, అయిదో ముద్దను మళ్ళీ మొదటి ముద్దలా చేయడం పులుపు పని. మిర్చిలోని కారం నీళ్ళలో సరిగా కరగదు, కొవ్వులో కరుగుతుంది. అందుకే వట్టి సాస్‌ను చెంచాతో నోట్లో వేసుకుంటే గొంతు మండి దగ్గు వస్తుంది గానీ, అదే సాస్ మాంసంలో కలిశాక కారం పరుచుకుని నెమ్మదిస్తుంది. ఒంటరిగా రుచి చూసి తూర్పు కరోలినా సాస్‌ను తిట్టేవాళ్ళు దాన్ని సగమే తిన్నట్టు. మిగతా సగం పందిలో ఉంది.

వయసులోనూ పెద్దది ఇదే. అమెరికన్ బార్బెక్యూ చరిత్ర రాసిన రాబర్ట్ మాస్ పుస్తకం చూసినా, పందొమ్మిదో శతాబ్దపు వర్ణనలు ఏవి చూసినా, దక్షిణాది అంతటా మాంసం మీద పూసినది దాదాపు ఇలాంటిదే: వెనిగర్, మిర్చి, ఉప్పు, కొన్ని చోట్ల వెన్న. మాంసం కాల్చే ఆ పిట్‌ల (నిప్పుగుంటల) దగ్గర రాత్రంతా మేలుకుని పూసిన చేతులు చాలావరకు నల్లజాతి వంటవాళ్ళవి, మొదట బానిసలుగా, తర్వాత కూలీలుగా. టమాటా కెచప్ సీసాలు ఇంటింటికీ చేరింది ఆ తర్వాతి సంగతి. హైంజ్ కంపెనీ కెచప్ అమ్మడం 1876లో మొదలైంది. కాబట్టి తమదే అసలైన సాస్ అని తూర్పు కరోలినా వాళ్ళు పట్టుబట్టడంలో కొంత న్యాయం ఉంది. పాతదైనంత మాత్రాన గొప్పది కానక్కర్లేదు, అది వేరే మాట.

కాన్సస్ సిటీ కథకు మూలం పశువుల సంత. 1871లో అక్కడ స్టాక్‌యార్డులు వెలిశాయి, రైళ్ళు నలుమూలల నుంచీ పశువుల్ని తెచ్చి పోశాయి. అప్పట్లో షికాగో తర్వాత అంతటి పశువుల మార్కెట్ అదే. అలాంటి ఊళ్ళో ఒక్క పందినే పట్టుకు కూర్చునేవాళ్ళు ఎవరుంటారు? ఎద్దు ఛాతీ మాంసం, పంది పక్కటెముకలు, కోడి, సాసేజి, అన్నీ ఒకే పొగలో కాలాయి. టెనెసీ నుంచి 1907లో అక్కడికి చేరిన హెన్రీ పెర్రీ అనే నల్లజాతి వంటవాడు మరుసటి ఏడు దుస్తులు కుట్టే కర్మాగారాల పేటలో బండి పెట్టి, కాల్చిన మాంసాన్ని పత్రిక కాగితాల్లో చుట్టి అమ్మాడు. ఆ ఊరి బార్బెక్యూ వంశవృక్షానికి వేరు ఆయనే. ఆయన 1940లో పోయాక దుకాణం చార్లీ బ్రయంట్ చేతికి, 1946లో అతని తమ్ముడు ఆర్థర్ బ్రయంట్ చేతికి వచ్చింది.

ఇన్ని మాంసాలకు ఒకే సాస్ అన్నప్పుడు దాని స్వభావమే మారిపోతుంది. ఒక్క పందికి జవాబు చెబితే చాలదు. కొవ్వున్న పక్కటెముకకూ, పొడిబారిన ఎద్దు ఛాతీ ముక్కకూ, చప్పటి కోడికీ సరిపోవాలి. అంటే తనంతట తాను నిలబడాలి. పులుపు, తీపి, ఉప్పు, కారం, పొగ, చివర మొలాసిస్ తాలూకు సన్నని చేదు, అన్నీ తనలోనే ఉండాలి. దానికో సుఖం ఉంది: దేని మీద వేసినా చెల్లుతుంది. ఓ చిక్కూ ఉంది: దేని మీద వేసినా అదే రుచి. మాంసం బాగా కాలిందో లేదో సాస్ కింద దాగిపోతుంది. వంటవాడి తప్పులకు ఇంత దయగల దుప్పటి మరొకటి లేదు.

అయితే ఇక్కడో తిరకాసు ఉంది. ఇవాళ కాన్సస్ సిటీ సాస్ అనగానే మన నోట్లో మెదిలే చిక్కటి తీపి ఆ ఊరి పాత దుకాణాలది కాదు. పెర్రీ సాస్ ఘాటుగా, మిరియాలతో, కాస్త కరకుగా ఉండేదనే అంటారు, దాన్ని మెత్తబరిచింది ఆర్థర్ బ్రయంట్. ఆ బ్రయంట్ సాస్ కూడా నేటికీ తీపి సాస్ కాదు. ఇటుక పొడి రంగులో, నాలుక మీద గరుకుగా, వెనిగర్ ముందుండేలా ఉంటుంది. ఆ ఊళ్ళోనే పుట్టిన రచయిత కాల్విన్ ట్రిలిన్ 1972లో ఆ దుకాణాన్ని ప్రపంచంలోకెల్లా గొప్ప రెస్టారెంటని రాసింది ఆ సాస్ తినే. తీపి సాస్‌ను దేశమంతా తిప్పింది మరొకరు. పిల్లల మానసిక వైద్యుడైన రిచ్ డేవిస్ 1977లో సీసాల్లో పోసి అమ్మడం మొదలుపెట్టిన సాస్, ‘కె.సి. మాస్టర్‌పీస్’ పేరుతో 1986లో కింగ్స్‌ఫర్డ్ బొగ్గుల కంపెనీకి వెళ్ళి, అక్కణ్ణించి ప్రతి సూపర్‌మార్కెట్ అరకూ ఎక్కింది. బొగ్గులమ్మే కంపెనీ సాస్ కూడా అమ్మడంలోని వ్యాపార తెలివి వేరే చెప్పాలా!

ఈ సంగతి ఎందుకు ముఖ్యమంటే, ఇంట్లో ‘కాన్సస్ సిటీ సాస్’ చేసేవాళ్ళలో ఎక్కువమంది నకలు తీస్తున్నది పిట్‌లో పుట్టిన సాస్‌ను కాదు, సీసాను. కరోలినా సాస్ ఇంట్లో చేసినా దుకాణంలో చేసినా ఒకటే, సరుకులు అవే, పద్ధతి అదే. రెండోదాన్ని ఇంట్లో చేయడమంటే కంపెనీ వాళ్ళు మొక్కజొన్న సిరప్‌తో సాధించిన తీపిని మనం బ్రౌన్ షుగర్‌తో సాధించడంగా మిగిలిపోతోంది.

ముందు సులువైనది చూద్దాం. రెండు కప్పుల వెనిగర్, ఒక టేబుల్ స్పూన్ మిర్చి పలుకులు, ఒక టీస్పూన్ అప్పుడే దంచిన మిరియాలు, రెండు టీస్పూన్ల ఉప్పు. కొందరు ఒక చెంచా పంచదార వేస్తారు, అదీ పులుపు మొన విరవడానికే గానీ తీపి తెలియడానికి కాదు. వేడి చేస్తే ఉప్పు తొందరగా కరుగుతుంది, అంతకుమించి లాభం లేదు, ఇల్లంతా ఘాటు పట్టి కళ్ళు మండుతాయి. చేసిన రోజున ఇది వట్టి పుల్లటి నీళ్ళే. మర్నాటికి మిర్చి పలుకులు ఉబ్బి అడుగుకు దిగుతాయి, ద్రవం లేత నారింజ రంగు తిరుగుతుంది, కారం అందులోకి వస్తుంది. వారానికి ఇంకా బాగుంటుంది. వంట అంతా కాలమే చేస్తుంది.

ఇంత తక్కువ సరుకులున్నచోట ప్రతి సరుకూ సాక్ష్యం చెబుతుంది. అమెరికాలో మామూలు వెనిగర్‌లో ఆమ్లం 5 శాతం, అందులోనూ యాపిల్ సైడర్ వెనిగర్‌కు పండు వాసన, కాస్త గుండ్రటి పులుపు ఉంటాయి. మన కిరాణా కొట్లో చవగ్గా దొరికే తెల్ల వెనిగర్ చాలావరకు సింథటిక్, ఆ మాట లేబుల్ మీదే ఉంటుంది. దాంతో చేస్తే సాస్‌కు పదును వస్తుంది గానీ వెన్నెముక రాదు. మిర్చి గుంటూరుదైతే కొలత తగ్గించుకోవాలి. అమెరికా పలుకుల్లో గింజలెక్కువ, కారం ఓ మోస్తరు. సీసా గాజుది, మూత ప్లాస్టిక్‌ది అయితే మేలు, వెనిగర్ ఇనప మూతను తినేస్తుంది.

ఇక రెండోది. నెట్టులో, వంట పుస్తకాల్లో దొరికే ఇంటి వంటకాల్లో చాలావాటి మొదటి వాక్యం ‘రెండు కప్పుల కెచప్ తీసుకోండి’. అక్కడే నా అభ్యంతరం. కెచప్ సరుకు కాదు, పూర్తయిన సాస్. అందులో టమాటా, వెనిగర్, చక్కెర, ఉప్పు, ఉల్లి, మసాలా ఎవరో ముందే తూచి కలిపేశారు. 17 గ్రాముల ఒక టేబుల్ స్పూన్‌లో 4 గ్రాములు చక్కెరే. దానికి ఇంకొంచెం వెనిగర్, ఇంకొంచెం చక్కెర, ఇంకొంచెం ఉల్లిపొడి కలిపి ‘అన్నీ ఇంట్లోనే చేశాం’ అనడం, సీసాలో పులిహోర పేస్టు అన్నంలో కలిపి పులిహోర చేశానని చెప్పుకోవడం లాంటిదే. తినడానికి బాగానే ఉండొచ్చు. చేశామనడానికి మాత్రం మిగిలింది కలపడమే. దీన్ని తప్పు పట్టడం చాదస్తమని కొందరంటారు, బ్రౌన్ షుగర్ నువ్వు తయారుచేశావా అని ఎదురడుగుతారు. చేయలేదు. కానీ బ్రౌన్ షుగర్ వేసే పాళ్ళు నా చేతిలో ఉన్నాయి. కెచప్‌లోని పాళ్ళు ఎవరి చేతిలోనూ లేవు, సీసా మూత పడిన రోజే అవి ఖాయమయ్యాయి. తీపి తగ్గించాలంటే టమాటా కూడా తగ్గుతుంది, టమాటా పెంచాలంటే తీపి కూడా పెరుగుతుంది.

కెచప్ లేకుండా చేస్తే ఇదే సాస్‌లో అసలు వంట మొదలవుతుంది. ఓ ఉల్లిపాయను సన్నగా తరిగి రెండు చెంచాల నూనెలోనో వెన్నలోనో ఎర్రగా వేయించాలి. నాలుగు వెల్లుల్లి రెబ్బలు నలిపి వేసి, పచ్చివాసన పోగానే 170 గ్రాముల టమాటా పేస్టు డబ్బా ఒకటి వేయాలి. ఇక్కడ తొందర పడితే సాస్ పోయినట్టే. పేస్టు మొదట ముద్దలా కదలకుండా కూర్చుంటుంది, తర్వాత అడుగంటుతూ చిటపటలాడుతుంది. మెరుపు ఎరుపు పోయి ముదురు ఇటుక రంగుకు వస్తుంది, అంచుల దగ్గర నూనె విడుతుంది. నూనె తేలేదాకా వేయించడమన్నది తెలుగు వంటింట్లో ఎవరూ ఎవరికీ నేర్పక్కర్లేదు. అమెరికన్ వంటకాల్లో చాలాచోట్ల కనపడనిది ఈ ఒక్క మెట్టే. పచ్చి పేస్టుకు డబ్బా వాసన, గొంతులో గీరే పులుపు ఉంటాయి. వేయిస్తే అవి పోయి, తీపి తనంతట తానే బయటికొస్తుంది. అప్పుడు చక్కెర తక్కువ పడుతుంది.

అక్కణ్ణించి ఒకటిన్నర కప్పు నీళ్ళు, అరకప్పు సైడర్ వెనిగర్, పావుకప్పు మొలాసిస్, రెండు మూడు చెంచాల బ్రౌన్ షుగర్, ఒక టీస్పూన్ ఆవపొడి, మిరియాలు, కారం, ఉప్పు, ఒక్క లవంగం పొడి. మొలాసిస్, బ్రౌన్ షుగర్ రెండూ వేయమంటే దుబారాలా కనిపిస్తుంది, ఎందుకంటే అమెరికాలో బ్రౌన్ షుగర్ అన్నది తెల్ల చక్కెరకు తిరిగి మొలాసిస్ పట్టించి చేసిందే. లేత రంగుదానిలో 3.5 శాతం, ముదురుదానిలో 6.5 శాతం. అయినా పనులు వేరు. తీపి చక్కెరది, నలుపూ చేదూ మొలాసిస్‌వి. బెల్లం వేస్తే రెండు పనులూ కొంచెం కొంచెం జరుగుతాయి, ముందు కరిగించి వడకట్టుకోవడం మాత్రం మరిచిపోకూడదు. సన్నసెగ మీద అరగంట, ముప్పావు గంట. గరిటెతో గిన్నె అడుగున గీత గీస్తే రెండు అంచులూ వెంటనే కలుసుకోకుండా ఒక క్షణం ఆగాలి, అదే గుర్తు. చల్లారాక ఇంకా చిక్కబడుతుంది గనక కాస్త పలచగా ఉన్నప్పుడే దించేయాలి. అల్యూమినియం గిన్నె వద్దు, ఇంత పులుపుకు లోహపు రుచి దిగుతుంది.

వూస్టర్ సాస్ సంగతి ఇక్కడ చెప్పాలి. కాన్సస్ సిటీ సాస్ వంటకాల్లో చాలావాటిలో అది ఉంటుంది. ఇంగ్లండులో లీ అండ్ పెర్రిన్స్ వాళ్ళు 1837 నుంచి అమ్ముతున్న ఆ నల్లటి ద్రవంలో వెనిగర్, మొలాసిస్‌లతో పాటు చింతపండు ఉంది, ఆంకోవీ అనే చిన్న చేపలు కూడా ఉన్నాయి. మాంసం లేకుండా మొక్కజొన్న పొత్తులో, పనీరో కాల్చుకుందామని పార్కుకు వెళ్ళే శాకాహారులు సాస్ సీసా వెనక చదవకపోతే చేపలు తిన్నట్టే. ఇంట్లో చేసుకునేవాళ్ళకు మందు దగ్గరే ఉంది. కాస్త చింతపండు గుజ్జు, ఇంకాస్త ఉప్పు వేస్తే ఆ ఖాళీ చాలావరకు నిండుతుంది. అది తెలుగు చమత్కారమేమీ కాదు, చింతపండు మొదటినుంచీ ఆ సీసాలోనే ఉంది.

సీసాలోని పొగ గురించి నాకు అంత మెతకదనం లేదు. కాన్సస్ సిటీలోనే మందుల దుకాణం నడిపిన ఎర్నెస్ట్ రైట్ 1895లో కట్టెపొగను చల్లబరిచి ద్రవంగా పట్టి అమ్మడం మొదలుపెట్టాడు. ఓవెన్లో కాల్చే మాంసానికి రెండు చుక్కలు క్షమించవచ్చు. నిజంగా పొగలో కాలిన మాంసం మీద ఆ ద్రవం కలిపిన సాస్ వేయడం దేనికో అర్థం కాదు.

నిప్పు దగ్గర ఈ రెండు సాసుల తేడా ఇంకా తేటపడుతుంది. వెనిగర్ సాస్‌ను కాలుతున్నంతసేపూ చల్లవచ్చు, పూయవచ్చు, మాడడానికి అందులో పెద్దగా ఏమీ లేదు. తడి ఆరకుండా చూస్తుంది. టమాటా సాస్‌లో ఉన్నదంతా మాడేదే. మామూలు చక్కెర 160 డిగ్రీల సెల్సియస్ దగ్గర రంగు మారడం మొదలుపెడుతుంది, ఫ్రక్టోజ్ అయితే 110 దగ్గరే. పులుపులో ఉడికిన చక్కెర కొంత విడిపోతే వచ్చేవాటిలో ఆ ఫ్రక్టోజ్ ఒకటి. గ్యాస్ గ్రిల్ మంటకు ఆ వేడి ఓ లెక్కా! అందుకే సాస్‌లో నానబెట్టిన కోడికాళ్ళను గ్రిల్ మీద పెట్టినవాళ్ళకు పైన బొగ్గు, ఎముక దగ్గర పచ్చిమాంసం మిగులుతాయి. కోడి లోపల 74 డిగ్రీలు చేరాలి. దానికి కాస్త ముందు, ఆఖరి పది నిమిషాల్లో, పలచగా రెండు పూతలు వేస్తే సాస్ మాడకుండా అద్దంలా మెరుస్తుంది. పచ్చి కోడిని తాకిన కుంచెను తినే సాస్ గిన్నెలో ముంచకూడదన్నది ఎవరికి వారు తెలుసుకోవలసిందే గానీ, పిక్నిక్కుల్లో రోజూ జరిగేది అదే.

ఈ రెండింటి మధ్య ఇంకా చాలా ఉన్నాయి, వాటిని దాటుకుంటూ పోతాను. దక్షిణ కరోలినాలో ఆవసాస్ పసుపుపచ్చగా ఉంటుంది. అలబామాలోని డికేటర్‌లో బాబ్ గిబ్సన్ 1925 నుంచి కోడిని ముంచిన తెల్లసాస్ మయొనేజ్, వెనిగర్, మిరియాల కలయిక. వినడానికి ఎలా ఉన్నా పొడిబారే కోడి రొమ్ముకు ఆ కొవ్వు బాగా అతుకుతుంది. టెక్సాస్ లాక్‌హార్ట్‌లో క్రూట్జ్ మార్కెట్ వాళ్ళు చాలాకాలం సాసూ ఇవ్వలేదు, ఫోర్కూ ఇవ్వలేదు. మాంసానికి సాస్ కావాలంటే మాంసంలో లోపమున్నట్టు అన్న ఆ పంతం గొప్పదే, ఇంట్లో వండుకునే మనకు అందనిది. ఉత్తర కరోలినాలోనే పడమటి వైపు లెక్సింగ్టన్‌లో వెనిగర్ సాస్‌లోకి కాస్త కెచప్ పోస్తారు, దానికే తూర్పువాళ్ళు మతం మారినంత గొడవ చేస్తారు. అక్కడ మాత్రం కెచప్ మీద నాకు అభ్యంతరం లేదు. రెండు కప్పుల వెనిగర్‌లో రెండు చెంచాల కెచప్ మసాలా కిందే లెక్క, పునాది కాదు.

ఇప్పుడు మన ఇళ్ళ సంగతి. ఉత్తర కరోలినాలోని రాలీ పక్కన కేరీ, మారిస్‌విల్ ఊళ్ళలో తెలుగువాళ్ళు బాగా స్థిరపడ్డారు. కారెక్కి తూర్పుకు వెళితే రెండు గంటల లోపే వెనిగర్ సాస్ రాజ్యం. అయినా వేసవిలో వాళ్ళ పెరళ్ళలో గ్రిల్ పక్కన కనపడేది చిక్కటి ఎర్ర సీసానే. దీన్ని రుచి తెలియకపోవడం అనుకోనక్కర్లేదు. చాలా ఇళ్ళలో పంది వండరు. గ్రిల్ మీదకెక్కేది తోలు తీసిన కోడి, లేకపోతే మేకమాంసం. అల్లంవెల్లుల్లి, పెరుగు, కారం పట్టించి రాత్రంతా ఉంచిన ముక్కలు. తోలు తీసిన కోడిలో విరగ్గొట్టాల్సిన కొవ్వే లేదు. దాని మీద వెనిగర్ సాస్ పోస్తే పని లేని పనివాడు ఇంట్లో తిరిగినట్టుంటుంది, పొడి ముక్క మీద పుల్లటి తడి తప్ప ఏమీ మిగలదు. అదే సాస్‌ను తోలుతో కాల్చిన కోడితొడల మీద, ముక్కలు కొట్టాక, వేడివేడిగా ఉండగా చల్లి చూస్తే మళ్ళీ ప్రాణం వస్తుంది. ఎముక మీద కాల్చిన మేక పక్కటెముకలకూ అంతే, కొవ్వున్నచోటల్లా అది తన పని తాను చేస్తుంది.

టమాటా సాస్ ఇలాంటి షరతులు పెట్టదు. కానీ పెరుగూ గరంమసాలా పట్టించిన ముక్క మీద లవంగం, ఆవపొడి ఉన్న తీపి సాస్ పూస్తే రెండు మసాలాలు ఒకదాన్నొకటి తొక్కేస్తాయి. అలా పూసేవాళ్ళు ముక్కలకు ఉప్పు, మిరియాలు తప్ప ఏమీ పట్టించకూడదు. మారినేటన్నా ఉండాలి, సాసన్నా ఉండాలి. రెండూ కావాలన్న ఆశే మన పెరటి బార్బెక్యూలను పాడుచేస్తోందని నా నమ్మకం.

తీర్పు చెప్పమంటే రెండు చెబుతాను, అవి ఒకదానికొకటి ఎదురుతిరిగినా సరే. సాస్‌గా తూర్పు కరోలినాదే పైచేయి. దాంట్లో తీసేయడానికేమీ లేదు, అది లేకపోతే ఆ మాంసం అంతటిది కాదు. ఇంట్లో చేసుకోదగ్గ వంటగా మాత్రం కాన్సస్ సిటీదే నాకిష్టం, కెచప్ సీసా ముట్టుకోనన్న షరతు మీద. ఎందుకంటే వెనిగర్ సాస్‌లో వంటవాడికి చేతినిండా పని లేదు, అసలు పనితనమంతా పందిని కాల్చడంలో ఉంది, ఆ పని పది గంటల నిప్పు, పెద్ద పెరడు ఉన్నవాళ్ళది. అపార్ట్‌మెంట్ వంటింట్లో ఆ సాస్ చేయడం తేలిక, దానికి తగిన మాంసం తేవడం కష్టం. టమాటా సాస్‌కు ఉల్లి ఎంత ఎర్రబడాలి, పేస్టు ఎంతసేపు వేగాలి, తీపి ఎక్కడ ఆపాలి అన్న ప్రశ్నలు ప్రతిసారీ ఉంటాయి. సీసా సాస్‌కూ దానికీ మధ్య ఉన్న దూరం నాలుకకు వెంటనే తెలుస్తుంది. కరోలినా సాస్ సీసాలో కొన్నా ఇంట్లో చేసినా తేడా చెప్పడం అంత తేలిక కాదు.

ఇంకో తేడా బల్ల దగ్గర కనపడుతుంది. కరోలినాలో సాస్ ఎంత పడాలన్నది వంటవాడు నిర్ణయిస్తాడు, మొద్దు మీదే కలిపేస్తాడు. బల్ల మీద సీసా ఉన్నా అది పైన చల్లుకోవడానికే. కాన్సస్ సిటీలో సాస్ తినేవాడి చేతికి వస్తుంది. బ్రయంట్ దుకాణంలో మాంసం పక్కన సీసాలు వరసగా పెట్టి ఉంటాయి, ముంచుకుంటారో తడుపుకుంటారో ఎవరిష్టం వాళ్ళది. ఇంట్లో చేసేవాళ్ళు ఈ రెండో పద్ధతిని పట్టించుకోరు, గిన్నెడు సాస్ చేశాం గదా అని మొత్తం ముక్కల మీద కుమ్మరిస్తారు. పలచగా రెండు పూతలు వేసి మిగతాది చిన్న గిన్నెల్లో బల్ల మీద పెడితే చాలు. తాజా ఉల్లి, వెల్లుల్లి వేసి చేసింది గనక మిగిలినదాన్ని ఫ్రిజ్‌లో పెట్టి ఒకటి రెండు వారాల్లో వాడేయాలి. వెనిగర్ సాస్‌కు ఆ తొందరేమీ లేదు, మళ్ళీ వేసవి వచ్చేదాకా అరలో ఉన్నా దానికి ఫర్వాలేదు.